అనధికార ప్రేరణ

పోయిన ఏడాది అంతర్ విశ్వవిద్యాలయ క్రీడల్లో మా యూనివర్సిటీ చివరి నుంచి రెండో స్థానంలో నిలిచింది. చివరి స్థానం వచ్చిన యూనివర్సిటీ వాళ్ల బస్సు దారిలో చెడిపోయి, వాళ్లసలు పోటీలకే రాలేదు. ఈ పరాభవానికి కారణాలు కనుక్కోమని ఒక కమిటీ వేశారు. కమిటీ సభ్యులు జిల్లాలన్నీ తిరిగి, ఏసీ గదుల్లో దిగి, క్రీడాకారులతో మాట్లాడారు. బూట్లు లేవని, కోచ్‌లు లేరని, హాస్టల్లో గుడ్డు ఆదివారం తప్ప కనబడదని పిల్లలు చెప్పినవన్నీ ఓపిగ్గా విన్నారు. విని, అసలు కారణం అవేవీ కావని తేల్చారు. మన క్రీడాకారుల్లో ప్రేరణ లేదట. ముఖ్యంగా ఎండాకాలం సెలవుల్లో అది బొత్తిగా ఆవిరైపోతోందట.

ఈ నిర్ణయంలో ఉన్న తెలివి నాకు వెంటనే బోధపడింది. బూట్లు కొనాలంటే టెండరు పిలవాలి. కోచ్‌ను పెట్టాలంటే ఆర్థిక శాఖ తల ఊపాలి. ప్రేరణకైతే ఒక మైకు, ఒక శాలువా ఉంటే సరిపోతుంది.

ఏప్రిల్ నెలాఖరులో ఉత్తర్వు వచ్చింది. ‘వేసవి శిక్షణా కాలమందు ప్రతి క్రీడాకారుడు దినదినము సాధనకు పూర్వము ఒక గంటకు తక్కువ కాకుండా ఒక ప్రముఖుని ద్వారా ప్రేరణ పొందవలెను. ప్రేరణ పొందనివారు సాధనకై మైదానంలో పాదము మోపరాదు. సమయము, స్థలము ప్రముఖుని సౌకర్యమును బట్టి నిర్ణయించబడును. ప్రముఖుడనగా సమాజంలో గౌరవము గలవారు, లేదా జిల్లా స్థాయికి తగ్గని పతకము పొందినవారు.’ ఏ రోజు ఫొటో ఆ రోజే యూనివర్సిటీకి పంపాలి. ఒక్క రోజు కూడా తప్పకుండా పంపిన కాలేజీకి ‘ప్రేరణ కిరీటం’ అనే అవార్డు ఇస్తారు.

మాది ఎల్లమ్మగడ్డ ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. నేను జంతుశాస్త్రం చెబుతాను. వ్యాయామ అధ్యాపకుడి పోస్టు ఎప్పటినుంచో ఖాళీగా ఉంది కాబట్టి దానికి ఇన్‌చార్జి కూడా నేనే. కప్పకు కాళ్లుంటాయి, క్రీడాకారులకూ కాళ్లుంటాయి, ఆ రకంగా నాకు దగ్గరి సబ్జెక్టు అని మా ప్రిన్సిపాల్ డాక్టర్ విఠల్‌రావు గారు ఈ బాధ్యత ఇచ్చేటప్పుడు సెలవిచ్చారు. బస్సు కోసం తప్ప నేను జీవితంలో పరిగెత్తి ఎరగను.

ఉత్తర్వు చేతికి రాగానే ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిపించారు.

"రాజేశం గారూ, ఇది ఒక చారిత్రక అవకాశం. ఈ క్షణం నుంచి మీరు మన కళాశాల ప్రేరణ నోడల్ అధికారి. క్రీడల సంగతి తరువాత. ప్రేరణ విషయంలో మాత్రం ఎటువంటి లోపమూ జరగడానికి వీల్లేదు."

సెలవులకు ఇళ్లకు పోకుండా సాధన కోసం ఆగిపోయిన పిల్లలు డజను మంది ఉంటారు. అందులో కబడ్డీ కుర్రాళ్లే ఎక్కువ, వాళ్ల కెప్టెన్ శ్రీశైలం. పరుగు పందెం అమ్మాయి ఒక్కతే, బీకాం చివరి సంవత్సరం గుండేటి స్రవంతి. పదిహేను వందల మీటర్లు పరిగెత్తుతుంది. పలచటి మనిషి, ఎక్కువ మాట్లాడదు. ఉత్తర్వు నేను మొత్తం చదివి వినిపించాక చెయ్యెత్తింది.

"సార్, మరి ఉరుకుడు ఎప్పుడు?"

"ప్రేరణ అయినంక."

"ప్రేరణ ఎన్నింటికి సార్?"

"అయిదున్నరకే పెట్టినమమ్మా. ఏం ఫికరు లేదు," అన్నాను. అప్పటికి నేను ప్రముఖులను దగ్గరగా చూసినవాణ్ని కాను.

మొదటి ప్రముఖుడు రైస్‌మిల్లు యజమాని లక్ష్మీరాజం గారు. అయిదున్నరకు మేమంతా మైదానంలో వరుసగా కూర్చున్నాం. తూరుపు ఎర్రబడింది, తెల్లబడింది, మండడం మొదలుపెట్టింది. పదవుతుండగా కారు దిగిన ఆయన, ఎండ బాగా ఉందే అని ఆశ్చర్యపోయారు. జ్యోతి ప్రజ్వలన చేయబోతే గాలికి వత్తి నిలవలేదు. శ్రీశైలం, ఇంకో ఇద్దరు చుట్టూ దుప్పటి పట్టుకుని నిలబడ్డాక వెలిగింది. ఆ తరువాత ఆయన ఒకే మిల్లు నుంచి మూడు మిల్లులకు ఎట్లా ఎదిగారో చెప్పారు. శాలువా కప్పాం, ఫొటో దిగాం, సమోసాలు తిన్నాం. పిల్లలు బూట్ల లేసులు కట్టుకుంటుండగా అటెండరు ఇంకో కాగితం పట్టుకొచ్చాడు. కలెక్టరేట్ నుంచి వచ్చింది. వడగాలుల దృష్ట్యా ఉదయం పది దాటాక విద్యార్థులెవరినీ ఆరుబయట తిప్పరాదు.

పిల్లలు నా మొహం చూశారు. నేను ప్రిన్సిపాల్ గారి మొహం చూశాను. ఆయన మొహం వెలిగిపోతోంది.

"చూశారా! యూనివర్సిటీ ఉత్తర్వు ప్రకారం ప్రేరణ ఇచ్చాం. కలెక్టర్ ఉత్తర్వు ప్రకారం సాధన ఆపేశాం. రెండు ఉత్తర్వులూ ఏకకాలంలో తు.చ. తప్పకుండా అమలైన కళాశాల ఈ రాష్ట్రంలో ఇంకొకటి ఉండదు."

ఆ రోజు నుంచి మాకొక పద్ధతి స్థిరపడింది. పది లోపల ప్రేరణ లేదు కాబట్టి పరుగు లేదు. పది దాటాక ఎండ ఉంది కాబట్టి పరుగు లేదు. మధ్యలో పిల్లలు షామియానా కింద కూర్చుంటారు. బ్యాంకు మేనేజరు వచ్చి క్రమశిక్షణ అంటే డిపాజిట్ అన్నారు. ప్లాట్లు అమ్మే పెద్దమనిషి వచ్చి, ఊరి బయట తన వెంచరు దాకా పరిగెత్తి చూపించినవాళ్లకు రిజిస్ట్రేషన్‌లో తగ్గింపు ఇస్తానన్నారు. పళ్ల డాక్టరు గెలుపు చిరునవ్వు గురించి మాట్లాడి అందరికీ చిన్న టూత్‌పేస్టులు పంచారు. రిటైరైన తాసిల్దారు గారు తనకు ఎవ్వరూ ఏనాడూ ప్రేరణ ఇవ్వలేదని చెబుతూ కన్నీళ్లు పెట్టుకుంటే మేమంతా ఆయనకు ప్రేరణ ఇచ్చి పంపించాం.

రోజూ షామియానా వేసి విప్పడం కష్టంగా ఉందని ప్రిన్సిపాల్ గారు పక్కాగా స్టేజీ కట్టించారు. దానికి మైదానంలో చదునైన చోటు ఒక్కటే దొరికింది. అది పరుగు ట్రాకు. గుంజలు సరిగ్గా గమ్యం గీత మీద దిగాయి. "గమ్యం చేరిన చోటనే ప్రేరణ వేదిక! ఎంత ప్రతీకాత్మకంగా ఉందో చూశారా రాజేశం గారూ?" అని ఆయన మురిసిపోయారు. నేను చూశాను. ట్రాకు ఇక గుండ్రంగా తిరగడం లేదు, స్టేజీ మెట్ల దగ్గర ఆగిపోతోంది.

పిల్లల్లో అభివృద్ధి జరగలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కుర్చీలు మోసి మోసి కబడ్డీ కుర్రాళ్ల భుజాలు గట్టిపడ్డాయి, సమోసాలకు పొట్టలు కూడా వచ్చాయి. చప్పట్లు కొట్టడంలో అయితే మావాళ్లను మించినవాళ్లు లేరు. ప్రముఖుడు గొంతు పెంచితే చాలు, ఎక్కడ ఆగుతాడో ముందే పసిగట్టి సరిగ్గా అక్కడ మోగించేవారు. ఈ పేరు పక్క ఊళ్లకూ పాకింది. ఒక గొర్రెల పెంపకందారుల సదస్సుకు జనం రాకపోతే మా క్రీడాకారులను అడిగి తీసుకుపోయారు.

స్రవంతి మాత్రం రోజూ వెనక వరుసలో కూర్చుని నిద్రపోయేది. అందరూ చప్పట్లు కొట్టినప్పుడు ఉలిక్కిపడి లేచి, కొట్టి, మళ్లీ కళ్లు మూసేది. ఇంట్లో చాకిరీ ఎక్కువేమో అనుకుని నేను ఊరుకున్నాను.

యూనివర్సిటీ ప్రేరణ సమన్వయకర్త ప్రొఫెసర్ పద్మాకర్ గారు ఊరుకోలేదు. ఆయన మే నెల మధ్యలో తనిఖీకి వచ్చారు. ఆయన ఫోనులో ఒక యాప్ ఉంది, చప్పట్ల మోతను కొలిచి ‘ప్రేరణ సూచిక’ చెబుతుంది. మావాళ్లు కొట్టిన కొట్టుడుకు ముల్లు చివరిదాకా పోయింది. ఆయన తృప్తిగా తలెత్తి చూసేసరికి వెనక వరుసలో ఒకమ్మాయి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. వేదిక మీద ఆ సమయానికి మాట్లాడుతున్నది ఆయనే.

వెంటనే ప్రిన్సిపాల్ గదిలో విచారణ జరిగింది. పద్మాకర్ గారు, ప్రిన్సిపాల్ గారు ఒకవైపు కూర్చున్నారు. నేను పక్కన నిలబడ్డాను.

"ప్రేరణా సమయంలో నిద్రావస్థకు గల హేతువు ఏమిటి?" అన్నారు పద్మాకర్ గారు.

స్రవంతికి ప్రశ్న అర్థం కాలేదు. "ఎందుకు పండుకున్నవమ్మా అని అడుగుతున్నరు," అన్నాను.

"పొద్దుగాల్ల నాలుగింటికి లేస్తున్న సార్. కాలువ కట్ట మీద ఉరికొస్తున్న. గందుకే నిద్రొస్తాంది."

 ప్రిన్సిపాల్ గారు కుర్చీలో ముందుకు జరిగారు.

"అంటే... ప్రేరణ పొందకముందే పరిగెడుతున్నావా?"

"అవ్ సార్."

"ఎవరి ద్వారా?" అని గద్దించారు పద్మాకర్ గారు. "నీకు అక్కడ ప్రేరణ ఇస్తున్న వ్యక్తి ఎవరు?"

"ఎవ్వలు లేరు సార్."

"ఎవరూ లేకుండా ఎలా సాధ్యం? కారకుడు లేకుండా కార్యం ఉండదు. ఏదైనా ప్రైవేటు సంస్థా? వేరే యూనివర్సిటీ వాళ్లా?"

"ఎవ్వలు లేరు సార్. పొద్దుగాల్ల లేస్తే ఉరకబుద్ధయితది. ఉరుకుత."

పద్మాకర్ గారు ప్రిన్సిపాల్ వైపు తిరిగి గొంతు తగ్గించారు. "ఇది చాలా తీవ్రమైన విషయం డాక్టర్ గారూ. అనధికార ప్రేరణ. దీన్ని ఇప్పుడే అరికట్టకపోతే రేపు ప్రతివాడూ స్వయంగా ప్రేరణ పొందడం మొదలుపెడతాడు. అప్పుడు మా విభాగం గతి ఏమిటి?"

తీర్పు ఇచ్చేశారు. జూన్‌లో జరిగే యూనివర్సిటీ జట్టు ఎంపికకు పోవాలంటే ఆమె ఇక ఒక్క ప్రేరణ సభా తప్పకూడదు, కన్ను మూయకూడదు, ముఖ్యంగా ప్రేరణకు ముందు పరిగెత్తకూడదు. పరిగెత్తకుండా చూసే బాధ్యత నోడల్ అధికారిది.

మర్నాడు తెల్లవారుజామున నా స్కూటరు వేసుకుని కాలువ కట్టకు పోయాను. ఆమె దూరంగా కనబడింది. వెనక నుంచి వెళ్లి పక్కన నడుపుతూ, "ఆగమ్మా," అన్నాను.

"ఆగితే కాళ్లు పట్టేస్తయి సార్. మీరు పక్కపొంటి రాండ్రి."

"నా ఉద్యోగం పోతది."

"మీకు వేరే కాలేజీకి బదిలీ అయితది సార్, అంతే. నాకు గిదే ఆఖరి ఏడు. జట్టుల పేరొస్తే పీజీల ఆటల కోటా సీటొస్తది, హాస్టలొస్తది. రాకుంటే మా నాయినెంబడి సాంచెల మీదికే." వాళ్ల నాన్న మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడు. "గా సప్పుడుల నిలబడి నిలబడి మా నాయినకు చెవులు ఇనవడయి సార్. నేను పక్కన నిలబడి పిలిసినా పలకడు."

ఆ మాట చెప్పేటప్పుడు కూడా ఆమె పరుగు తగ్గలేదు. ఆయాసం లేకుండా అంత మాట్లాడగలగడం నాకు ఆశ్చర్యం వేసింది. నాకు స్కూటరు మీద కూర్చునే ఆయాసం వస్తోంది. నిజంగా జాలేసింది, నా మీద నాకు కోపం కూడా వచ్చింది. అయినా నోడల్ అధికారిని కదా, "రేపటినుంచి ఉరకొద్దు," అని గట్టిగా చెప్పి వెనక్కి తిప్పాను. ఆమె ఆగింది. మర్నాటి నుంచి కట్ట మీద ఎవరూ కనబడలేదు. సభలో మొదటి వరుసలో కళ్లు పెద్దవి చేసుకుని కూర్చునేది. అంత అన్యాయంగా మేలుకుని ఉన్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

ఇంతలో ఇంకో సంక్షోభం వచ్చిపడింది. ఊళ్లో ప్రముఖులు అయిపోయారు. వచ్చినవాళ్లను మళ్లీ పిలిస్తే, మొదటిసారి కప్పిన శాలువా నాసిరకంగా ఉందని రామన్నారు. ఆఖరికి మర్నాటి సభకు ఒప్పుకున్న హోమియో డాక్టరు గారికి జ్వరం తగిలింది. ప్రిన్సిపాల్ గారు గదిలో అటూఇటూ తిరుగుతున్నారు.

"ఒక్క రోజు ఫొటో తప్పితే కిరీటం చేజారుతుంది రాజేశం గారూ! ఈ ఊళ్లో గౌరవనీయులు ఒక్కరు కూడా మిగల్లేదా?"

నేను ఉత్తర్వు తీసి మళ్లీ చదివాను. ప్రముఖుడి నిర్వచనంలో రెండో సగం అప్పటిదాకా మాకెవరికీ అవసరం పడలేదు.

"సార్, జిల్లా స్థాయి పతకం ఉన్నా ప్రముఖులేనట. స్రవంతికి స్కూల్లో రాష్ట్రస్థాయి కాంస్యం వచ్చింది."

ఆయన నడక ఆపి కుర్చీలో కూర్చున్నారు. "నిందితురాలు... ప్రముఖురాలు... రెండింటికీ నిబంధనల్లో వైరుధ్యం లేదు. పిలవండి."

ఆమెను పిలిచి, కూర్చోబెట్టి, నియమం ప్రకారం గౌరవ ఆహ్వానం అందజేశాం. ఆమె కాగితం రెండుసార్లు చదివింది.

"టైము ప్రముఖుల ఇష్టమేనా సార్?"

"వారి సౌకర్యాన్ని బట్టే," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"జాగ గూడ?"

"అదీ వారి సౌకర్యమే."

"అయితే పొద్దుగాల్ల అయిదింటికి, కాలువ కట్ట మీద పెట్టుండ్రి."

ప్రిన్సిపాల్ గారు ఉత్తర్వు ఇంకోసారి చదివి, ఆహ్వానం మీద అదే సమయం, అదే స్థలం రాశారు.

అట్లా ఆయన తన ఉద్యోగ జీవితంలో మొదటిసారి సూర్యోదయం చూశారు. సఫారీ సూటు తొడుక్కుని, చేతిలో శాలువాతో కట్ట మీద నిలబడ్డారు. నేను మైకు పట్టుకున్నాను. ముఖ్య అతిథి చెప్పులు విప్పి, బూట్లు తొడుక్కుని, "ఉరుకుదాం పట్టుండ్రి," అని ప్రసంగం ప్రారంభించింది. మిగతా ప్రసంగం వినాలంటే వెంట పరిగెత్తక తప్పలేదు. "శ్రీశైలం, భుజాలు కిందికి ఇడువు. నోటితోని గాలి పీల్చకు. సమోస యాదికొస్తే ఉమ్మెయ్," అని ఆమె గంటసేపు ప్రేరణ ఇచ్చింది. ప్రిన్సిపాల్ గారు శాలువా విప్పి పట్టుకుని కొంతదూరం ఆమె వెనక పడ్డారు, అది గాలికి ఆయన మొహానికే చుట్టుకుంది. ఫొటోలో అందరూ మసగ్గా వచ్చారు. యూనివర్సిటీ నుంచి ‘చలనశీలమైన కార్యక్రమం’ అని మెచ్చుకోలు వచ్చింది.

గంట గడిచింది, ప్రేరణ పూర్తయింది, గడియారంలో ఇంకా ఆరే అయింది. నిబంధనల ప్రకారం పిల్లలు మైదానంలో పాదం మోపవచ్చు. వాళ్లు ఎండ ముదిరేదాకా మోపుతూనే ఉన్నారు.

ఒకే ప్రముఖుణ్ని రోజూ పిలవకూడదని ఉత్తర్వులో ఎక్కడా లేదు. సమోసాల ఖర్చు కూడా తగ్గింది. ఎంపిక పోటీల దాకా స్రవంతే మా శాశ్వత ప్రముఖురాలు. ప్రిన్సిపాల్ గారు శాలువా నాకిచ్చి ఇంట్లో పడుకున్నారు. నేను స్కూటరు మీద బయలుదేరి, కొన్నాళ్లకు స్కూటరు దిగి, మెల్లగా వాళ్ల వెనక నడిచాను. అది పరుగని శ్రీశైలం అంటాడు, నేను ఒప్పుకోను.

ఎంపిక పోటీలు యూనివర్సిటీ మైదానంలో జరిగాయి. ఆరింటికని చెప్పిన పందెం, పెద్దల ప్రేరణ ప్రసంగాలు పూర్తయ్యేసరికి పదకొండు దాటింది. వడగాలుల ఉత్తర్వు సంగతేమిటని ఎవరో అడిగితే, అది విద్యార్థులకు మాత్రమే వర్తిస్తుందనీ, ఎంపికకు వచ్చినవారు ఈ రోజుకు అభ్యర్థులనీ పద్మాకర్ గారు స్పష్టం చేశారు. పిస్తోలు పేలింది. రెండు నెలలుగా కుర్చీల్లో ప్రేరణ పొందిన అమ్మాయిలు మొదటి రౌండు బాగానే పరిగెత్తారు. రెండో రౌండులో ఇద్దరు చెట్టు నీడ చూసుకుని కూర్చున్నారు. ఒకమ్మాయి వేదిక ముందుకు రాగానే అలవాటుకొద్దీ ఆగి చప్పట్లు కొట్టింది. మా స్రవంతి ఎవరివైపూ చూడకుండా పోయింది. ఆమె గీత దాటేసరికి రెండో అమ్మాయి ఇంకా అవతలి మలుపులో ఉంది. నేను అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే యాప్ ఉంటే పగిలిపోయేది.

ఆమెను వేదిక ఎక్కించారు. పద్మాకర్ గారు ఒక చేత్తో జట్టు జాబితా, ఇంకో చేత్తో మైకు పట్టుకున్నారు. జాబితా మీద ఇంకా సంతకం కాలేదు.

"ఈ అపూర్వ విజయం వెనుక నీకు ప్రేరణ ఇచ్చినవారు ఎవరో సభకు చెప్పు తల్లీ."

అదే ప్రశ్న.  అప్పటిలా ఎవరూ లేరని చెబితే ఆ సంతకం ఉండదు. వేదిక మీద పెద్దలంతా తమ పేరు వినడానికి కాస్త ముందుకు వంగారు. లక్ష్మీరాజం గారు కూడా మిల్లులు వదిలిపెట్టి వచ్చారు, ఆయన మరీ వంగారు.

స్రవంతి మైకు తీసుకుంది. నా వైపు చూసింది. పెద్దల వైపు చూసింది.

"అందరు సార్. ఒక్కలను గూడ ఇడిశిపెట్టకుంట అందరు."

చప్పట్లు మోగిపోయాయి. పద్మాకర్ గారు కళ్లు తుడుచుకుని సంతకం పెట్టారు. ఒకరి తరువాత ఒకరు శాలువాలు కప్పారు. పదకొండు గంటల ఎండలో, పదిహేను వందల మీటర్లు పరిగెత్తిన పిల్ల మీద, ఎన్ని కప్పారో నేను లెక్కపెట్టలేదు. ఆమె మొహం మాత్రమే బయటికి కనబడుతోంది.

కిందికి దిగాక మంచినీళ్లు ఇస్తూ అడిగాను. "అట్ల అబద్ధం ఎందుకు చెప్పినవమ్మా?"

నీళ్లన్నీ తాగి, సీసా నా చేతికిచ్చింది.

"నిజం చెప్తే ఇంకో కమిటీ ఏస్తరు సార్. ఆల్లకు జవాబు చెప్పుకుంట కూసుంటే నేను ఉరుకుడెప్పుడు?"

శాలువాలన్నీ నా చేతిలో పెట్టి బస్సు వైపు వెళ్లింది. వారం తిరక్కుండానే ఉత్తర్వుకు సవరణ వచ్చింది. ఎండాకాలంలో సాధించిన ఫలితాల దృష్ట్యా కార్యక్రమాన్ని ఏడాది పొడుగునా నిర్వహిస్తారు. ప్రముఖుడనగా ఇకమీదట సమాజంలో గౌరవము గలవారు మాత్రమే. పరిగెత్తుచున్నవారు ఆ నిర్వచనము కిందకు రారు.